ఆన్‌లైన్ డిగ్రీ తీసుకునే ముందు నాలుగు ప్రశ్నలు



ఇంటర్ పరీక్షలు అవ్వగానే మీ ఫోన్లకు కాల్స్ మొదలవుతాయి. "ఇంట్లో కూర్చునే డిగ్రీ, ఈఎంఐ ఉంది, ఈరోజే సీటు బుక్ చేసుకోండి" అంటారు. వాటిలో మంచి కోర్సులూ ఉంటాయి. అందుకే ఫీజు కట్టే ముందు ఈ నాలుగు ప్రశ్నలు అడగండి.

1. డిగ్రీ ఎవరు ఇస్తారు?
యాప్ పాఠాన్ని చేరవేస్తుంది, అంతే. డిగ్రీ ఇచ్చే అధికారం యూనివర్సిటీది. ఆ యూనివర్సిటీకి ఆ కోర్సు ఆన్‌లైన్‌లో నడిపే అనుమతి ఈ సంవత్సరానికి ఉందో లేదో యూజీసీ డిస్టెన్స్ ఎడ్యుకేషన్ బ్యూరో వెబ్‌సైట్‌లో మీరే చూడవచ్చు. అనుమతి ఉన్న ఆన్‌లైన్ డిగ్రీ రెగ్యులర్ డిగ్రీతో సమానమని 2022లో యూజీసీ స్పష్టం చేసింది. అయితే ఇంజనీరింగ్, మెడిసిన్, ఫార్మసీ, నర్సింగ్, లా వంటివి పూర్తిగా ఆన్‌లైన్‌లో చదవడానికి అనుమతి లేదు. అలాంటి డిగ్రీ ఇస్తామని ఎవరైనా చెబితే అక్కడితో మాట ఆపేయండి.

2. పరీక్ష ఎలా పెడతారు?
ఐఐటీ మద్రాస్ 2020లో మొదలుపెట్టిన డేటా సైన్స్ కోర్సు చూడండి. జేఈఈ ర్యాంకు అవసరం లేదు. కానీ నాలుగు వారాల పాఠాలు చదివి క్వాలిఫయర్ పరీక్ష పాసవ్వాలి. క్లాసులు ఆన్‌లైన్, ముఖ్యమైన పరీక్షలు మాత్రం సెంటర్‌కు వెళ్లి రాయాలి. పరీక్ష గట్టిగా ఉంటేనే ఆ సర్టిఫికెట్‌కు విలువ.

3. డౌట్ వస్తే ఎవరు చెబుతారు?
వీడియోలు ఎన్ని గంటలున్నాయని కాదు, వారానికి ఎన్ని లైవ్ క్లాసులు, అసైన్‌మెంట్ ఎవరు దిద్దుతారు అని అడగండి. ఒక డెమో క్లాసు మీ అబ్బాయి లేదా అమ్మాయి పక్కన కూర్చుని చూడండి.

4. మధ్యలో మానేస్తే డబ్బు సంగతేంటి?
ఈఎంఐ అంటే చాలాసార్లు మీ పేరు మీద తీసుకునే అప్పు. చదువు ఆగినా వాయిదాలు ఆగకపోవచ్చు. రీఫండ్ షరతులు ఫోన్‌లో మాటగా కాదు, కాగితం మీద తీసుకోండి.

ఇంకో మాట. మీ పిల్లలకు ఆన్‌లైన్ చదువు నప్పుతుందా అన్నది ఖర్చు లేకుండానే తెలుసుకోవచ్చు. కేంద్ర ప్రభుత్వం 2017లో ప్రారంభించిన స్వయం పోర్టల్‌లో తొమ్మిదో తరగతి నుంచి పీజీ దాకా కోర్సులున్నాయి. చేరడం ఉచితం, సర్టిఫికెట్ కావాలంటేనే పరీక్ష ఫీజు. అందులో ఐఐటీల ఎన్‌పీటీఈఎల్ కోర్సులకు వారం వారం అసైన్‌మెంట్లు ఉంటాయి. ఈ సెలవుల్లో ఒక చిన్న కోర్సులో చేర్పించండి. ఎవరూ గుర్తు చేయకుండా నాలుగు వారాలూ అసైన్‌మెంట్లు సమయానికి పంపితే, అప్పుడు డిగ్రీ గురించి ఆలోచించవచ్చు. రెండో వారానికే వదిలేస్తే కంగారు పడకండి. కాలేజీకి వెళ్లి చదవడమే వాళ్లకు మంచిదని మీకు ముందే తెలిసినట్టు.