రెండు కుండలు.. ఒకటి నా కోసమే!

మాది కనిగిరి దగ్గర పల్లెటూరు. సండే స్కూల్ పిల్లలకు పాఠాలు చెప్పడం తప్ప పెద్దగా ఏమీ రాదు. అలాంటిది మిషన్ పని మీద ఆఫ్రికాలోని మలావీ వెళ్లా. జొంబా పట్టణానికి దగ్గర్లోని ఓ పల్లెలో, ఓ కుటుంబంతో మూడు నెలలు. దిగింది జనవరిలో. అక్కడ జనవరి అంటే ఏంటో అప్పటికి తెలీదు.

మొదటి రోజు భోజనానికి కూర్చుంటే ఇంటావిడ మోకాళ్ల మీద కూర్చుని నా చేతుల మీద నీళ్లు పోసింది. అమ్మ వయసావిడ! గబుక్కున లేవబోతే పెద్దాయన కూర్చోమని సైగ చేశాడు. అక్కడ మర్యాద అదేనట. ఆవిణ్ని అందరూ ‘అమాయి’ అంటారు. అంటే అమ్మే.

వడ్డించింది ‘న్సిమా’. మొక్కజొన్న పిండితో చేసిన తెల్లటి ముద్ద. అచ్చం మన సంకటే! చేత్తో ఉండ చేసి ఆకుకూరలో అద్దుకుని తినడమే. స్పూన్ వద్దనేసరికి పిల్లలు ఒకటే నవ్వు.

పొద్దున్నే బోరింగు దగ్గర నీళ్లు, పగలు పిల్లలకు పాఠాలు, రాత్రి ప్రార్థన. వాయిద్యం ఒక్కటీ లేకుండా ఇంటిల్లిపాదీ ఎంత బాగా పాడతారో! నా నెత్తిమీది బకెట్లో మాత్రం ఇంటికొచ్చేసరికి సగం నీళ్లే ఉండేవి.

రెండో వారంలో ఉప్పు కోసం వంటపాకలోకి వెళ్తే రెండు కుండలు కనిపించాయి. చిన్నదాంట్లో తెల్ల న్సిమా. పెద్దదాంట్లో ముతకగా, గోధుమరంగులో ఇంకోటి. దాన్ని ‘మ్గైవా’ పిండితో చేస్తారు. పొట్టు తీసి ఆడిస్తే పిండి తగ్గిపోతుందని పొట్టుతోనే ఆడించేస్తారు. అక్కడ నవంబరు, డిసెంబరు వానలకు విత్తిన మొక్కజొన్న చేతికొచ్చేది ఏప్రిల్‌లో. జనవరి, ఫిబ్రవరి వచ్చేసరికి చాలా ఇళ్లలో గాదెలు ఖాళీ. పిల్లలు వేరేగా ఒకే పళ్లెం చుట్టూ కూర్చుని తింటారు కాబట్టి నేను గమనించనేలేదు.

మా నాయనమ్మ చెప్పేది.. తన చిన్నప్పుడు రోజూ జొన్న సంకటి, చుట్టాలొస్తేనే వరన్నం అని. ఇక్కడ ఆ చుట్టాన్ని నేనే!

మర్నాడు వెళ్లి పిల్లల పళ్లెం దగ్గర కూర్చున్నా. గొప్ప పని చేశాననుకున్నా. అమాయి రెండ్రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. ‘నీకు పెట్టలేననుకున్నావా?’ అని పెద్దమ్మాయితో ఇంగ్లిష్‌లో అడిగించింది. ఏం చెప్పాలో తోచలేదు.

తర్వాత సంతలో ఓ బస్తా మొక్కజొన్నలు కొనుక్కొచ్చా. సాయంత్రానికల్లా సగం పక్కిళ్లకు పంచేసింది! నిజం చెప్పొద్దూ, చిర్రెత్తుకొచ్చింది. ‘మన పిల్లల కోసం తెచ్చా కదా’ అన్నా. ‘వాళ్ల పిల్లలూ రోజూ ఇక్కడే ఆడుకుంటారుగా’ అంది, చేట దులుపుకుంటూ.

ఆ తర్వాత పొయ్యి మీద ఒక్క కుండే. ఆదివారాలు మాత్రం నాకు తెల్ల ముద్దే. ఆ విషయంలో నేనెంత బతిమాలినా అమాయి వినలేదు.