ఒక్క కనెక్షను - ఇద్దరు బిడ్డలు

శ్రీహరికోటకు వాకిలి వంటిది మన సూళ్లూరుపేట. అచ్చటి రాకెట్టులు నింగి కెగయుట మన యాడపిల్లలు మేడలపై నిలిచి చూతురు. అయినను, రెండు పాత కంప్యూటర్లున్న యిండ్లలో ఇంటర్నెట్టు కుమారునిదానికే దక్కుట మేమెరుగుదుము.

రెండవ కనెక్షను అక్కరలేదు; ఒక్క రౌటరు చాలును. అది బయటి కొక్క చిరునామాతోనే మెలగుచు, ఇంట నొక్కొక్క కంప్యూటరునకు వేరు చిరునామా నొసగి, ఎవరడిగినది వారికే చేర్చును. వైఫై లేనిదానికి ఈథర్నెట్టు కేబులు తగిలింపవలెను. అది 100 మీటర్ల వరకు చాలును. ఇరువురు నొకేసారి వాడునపుడు వేగమును పంచుకొనవలసినదే.

ఒక్క హెచ్చరిక: విండోస్ 7కు సాధారణ రక్షణ సవరణలు 2020 జనవరి 14తో ముగిసినవి. అట్టిదానిపై బ్యాంకు వ్యవహారములు జరుపరాదు. తెలిసినవారిచే ఉచితమగు లినక్సు నెక్కించుకొనుట మేలు.

అన్నము వడ్డించునపుడు భేదమెంచని తల్లి, విద్య వడ్డించునపుడేల యెంచవలెను?