అడిగేది వాడను, తేల్చేది ఊరు

ఓట్లు దగ్గరికొచ్చినయంటే కోరుట్ల చుట్టుపక్కల ఊళ్లల్లో అభ్యర్థులు ముందుగా అడిగే మాట 'మీ వాడల ఓట్లెన్ని?' అన్నది. 'మీకేం కావాలె?' అన్నది ఆ తర్వాతి మాట. ఓటు మనిషిది, అడిగేది మాత్రం కులం లెక్కన. కులం లెక్కన అడిగినోళ్లు ఆ కులానికి అధికారంలో వాటా ఇస్తున్నారా అంటే అదీ లేదు. ఇది ఎట్లా జరుగుతున్నదో, దీని మూలం ఎక్కడున్నదో చెప్పడమే ఇక్కడ మా ఉద్దేశం.

మొదట ఓటడిగే పద్ధతి చూద్దాం. అభ్యర్థి మాదిగవాడకో మాలవాడకో వచ్చేది మన డప్పులే కొట్టించుకుంటూ, ఒక్క పూట. అసలు బేరం అంతకు ముందే కులపెద్దలతో అయిపోతది. సంఘానికి భవనం, గుడికి ఇంత, యువజన సంఘానికి ఇంత, ఆఖరి రెండు రాత్రులు మందు, దావత్. కులపోళ్లను ఒక్కచోట కూర్చోబెట్టి అడగడానికి ఇప్పుడు 'ఆత్మీయ సమ్మేళనం' అని మంచి పేరు కూడా పెట్టినారు. ప్రజాప్రాతినిధ్య చట్టం 123వ సెక్షన్ ప్రకారం ఓటుకు సొమ్మివ్వడమూ, కులం పేరిట ఓటడగడమూ రెండూ అక్రమాలే. ఓటరు కులం చూపి అడిగినా అక్రమమేనని సుప్రీంకోర్టు 2017 జనవరి 2న తీర్పు చెప్పింది. ఏడుగురు న్యాయమూర్తుల్లో నలుగురిది ఆ మాట. చట్టం అట్లున్నది, ఆచరణ ఇట్లున్నది.

ఈ బేరంలో ఎవరు లేరో కూడా చూడాలె. ఈ ప్రాంతంలో మగవాళ్లు చాలామంది గల్ఫ్ దేశాలకు పోయినారు. ఇండ్లల్లో బీడీలు చేసి సంసారం ఈడ్చేది ఆడవాళ్లు. ఓటర్ల జాబితాలోనూ వాళ్లే ఎక్కువ. అయినా 'మా వాడ ఓట్లు మీకే' అని మాటిచ్చేది మగ పెద్దమనుషులే.

వెనకట బేరం కూడా లేదు. దొర చెప్పినోనికే ఓటు. 1978 సెప్టెంబర్ 7 నాటి జగిత్యాల జైత్రయాత్రతో, వెట్టికి వ్యతిరేకంగా నడిచిన రైతుకూలీ సంఘాలతో ఆ పట్టు సడలింది. అదే ఏడు ప్రభుత్వం జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. దొర చేతిలోంచి జారిన ఓటే ఇవ్వాళ బేరానికొచ్చింది. గుంజుకునేకాడ కొనవలసి రావడం ఒక విధంగా మార్పే. కాని కొన్నోడు మనకు జవాబుదారీ కాడు. సొమ్మిచ్చిన్నాడే లెక్క తీరిందంటడు.

ఇక అధికారం సంగతి. కోరుట్ల జనరల్ సీటు. 2009లో, 2010 ఉపఎన్నికలో, 2014లో, 2018లో కల్వకుంట్ల విద్యాసాగర్‌రావు గెలిచారు. 2023లో ఆయన కొడుకు సంజయ్ గెలిచారు. 2023లో మూడు పెద్ద పార్టీలలో ఏదీ ఇక్కడ దళితునికి టికెట్ ఇవ్వలేదు. అదే జగిత్యాల ప్రాంతంలోని ధర్మపురి ఎస్సీ రిజర్వుడు సీటు. అక్కడ 2018లో కొప్పుల ఈశ్వర్ 441 ఓట్ల తేడాతో అడ్లూరి లక్ష్మణ్‌కుమార్ మీద గెలిచారు. 2023లో లక్ష్మణ్‌కుమార్ గెలిచారు. ఇద్దరూ మంత్రులైనవాళ్లే. అయితే అక్కడ కూడా ఓటర్లలో ఎక్కువమంది ఎస్సీలు కారు. అభ్యర్థి వాడవాడు, గెలుపు ఊరి చేతిలో. అందుకే ఊరికి కోపమొచ్చే మాట ఆయన ప్రచారంలో అనలేడు. కోరుట్లలో మన ఓటుంది, మనిషి లేడు. ధర్మపురిలో మనిషున్నాడు, నోరు లేదు.

దీని మూలం 1932లో ఉన్నది. ఆ ఏడు ఆగస్టులో వచ్చిన కమ్యూనల్ అవార్డు అణగారిన కులాలకు రెండు ఓట్లు ఇచ్చింది. ఒకటి తమ ప్రతినిధిని తామే ఎన్నుకోవడానికి, రెండోది సాధారణ సీటులో వేయడానికి. అంబేద్కర్ సాధించిన ఈ హక్కు మీద గాంధీ నిరాహారదీక్షకు దిగారు. సెప్టెంబర్ 24న పూనా ఒప్పందం జరిగింది. రాష్ట్ర శాసనసభల్లో సీట్లు 71 నుంచి 148కి పెరిగినయి, ప్రత్యేక ఓటు పోయింది. నిజాం రాజ్యంలో ఉన్న కోరుట్లకు 1952లో ఓటొచ్చేనాటికి మిగిలింది ఉమ్మడి ఓటే.

పంచాయతీల్లో ఇదే ఇంకా నగ్నంగా కనిపిస్తది. 1993లో అమల్లోకొచ్చిన 73వ సవరణ సర్పంచి పదవుల్లో ఎస్సీలకు జనాభా ప్రకారం వాటా ఇచ్చింది. కాని ఉత్తర తెలంగాణలో గ్రామాభివృద్ధి కమిటీలు సర్పంచి పదవిని వేలం పెట్టిన ఊళ్లున్నయి. రిజర్వుడు పదవైతే ఎదురు చెప్పనోణ్ణి చూసి నిలబెడతరు. ఎదురు తిరిగిన కులానికి సాంఘిక బహిష్కరణ. ఫలానావారికే ఓటెయ్యమని దళితుణ్ణి బెదిరించడం, నామినేషన్ వెయ్యకుండా అడ్డుకోవడం, బహిష్కరించడం అత్యాచారాల నిరోధక చట్టం కింద నేరాలు. ఈ సంగతి వాడలో ప్రతి ఒక్కరికీ తెలియాలె.

మాల, మాదిగల నడుమ తగువు పెట్టి ఓట్లు చీల్చడం మరో ఎత్తు. 2025 ఏప్రిల్ 14న అమల్లోకొచ్చిన వర్గీకరణ చట్టం చదువులకు, ఉద్యోగాలకే. సీట్లకు కాదు. ఓట్లకాడ దాన్ని చూపి కొట్లాడుకుంటే లాభపడేది మూడోవాడే.

మరి ఏం చేయాలె? ఓటు అమ్ముకోవద్దని నీతులు చెప్తే చాలదు, అడిగే తీరునే మార్చాలె. అభ్యర్థి కులపెద్ద ఇంట్లో కాదు, ఆడవాళ్లు ముందు కూర్చున్న వాడ సభలో నిలబడి అడగాలె. మన పక్కనుంచి భవనం మాట కాదు, ఇండ్ల జాగ, శ్మశానం జాగ, సాగు భూమికి పట్టా, 2017 చట్టం కింద ఎస్సీ ప్రత్యేక అభివృద్ధి నిధి ఖర్చు లెక్క, ఈ నాలుగు ముందు పెట్టాలె. ఇచ్చిన మాట అందరి ముందు రాయించుకొని, గెలిచినంక ఏడాదికోసారి అదే సభకు పిలిచి అడగాలె. 441 ఓట్లంటే ఒక పెద్ద వాడ ఓట్లంత. ఆ బలం కులపెద్ద జేబులో ఉంటే సరుకు, వాడ సభ చేతిలో ఉంటే అధికారం.