మ్యాగ్నెట్‌ బడా? మన వీధి బడా?

పిల్లలు ఐదో తరగతిలోకి వచ్చారంటే చాలు, అమెరికాలో తెలుగువాళ్ల ఇళ్లలో ఒక ప్రశ్న తరచూ వినిపిస్తుంది. ‘ఆరో తరగతికి మ్యాగ్నెట్‌ వస్తుందా? లేక ఇక్కడి బడికే పంపాలా?’ పుట్టినరోజు వేడుకల్లో, గుడిలో భోజనాల దగ్గర, తల్లిదండ్రుల వాట్సాప్‌ గ్రూపుల్లో ఇదే చర్చ. మంచి బడి ఉందని వెతికి వెతికి, స్తోమతకు మించి అప్పు చేసి ఇల్లు కొన్నవాళ్లు కూడా తీరా ఆ బడి గడప తొక్కే వేళకు ఇంకో ఊళ్లోని బడి కోసం ఆరాటపడుతుంటారు.

ఈ ఆరాటం బాగా కనిపించే చోట్లలో మేరీల్యాండ్‌లోని మాంట్‌గోమరీ కౌంటీ ఒకటి. వాషింగ్టన్‌ డీసీని ఆనుకుని ఉన్న ఈ కౌంటీలో రాక్‌విల్, గైథర్స్‌బర్గ్, జర్మన్‌టౌన్, క్లార్క్స్‌బర్గ్‌ ప్రాంతాల్లో మనవాళ్లు చాలామంది స్థిరపడ్డారు. అక్కడ జరిగింది చూస్తే మిగతా రాష్ట్రాల్లో ఉన్నవారికీ కొంత దారి దొరుకుతుంది.

అసలు మ్యాగ్నెట్‌ ఎందుకొచ్చింది?

మ్యాగ్నెట్‌ అంటే తెలివైన పిల్లల కోసం పెట్టిన ప్రత్యేక బడి అని చాలామంది అనుకుంటారు. పుట్టుక వేరు. నల్లవాళ్ల పిల్లలు, తెల్లవాళ్ల పిల్లలు వేర్వేరు బడుల్లో చదివే పరిస్థితిని మార్చాలని కోర్టులు, ప్రభుత్వం ఒత్తిడి చేసిన రోజుల్లో, 1960ల చివర, 1970లలో ఈ ఆలోచన పుట్టింది. బలవంతంగా బస్సుల్లో పంపే బదులు, జనం వదిలేసి పోతున్న బడిలో మంచి కోర్సు పెడితే దూరం నుంచి కూడా పిల్లలు వాళ్లంతట వాళ్లే వస్తారని లెక్క. అయస్కాంతంలా లాగుతుంది కాబట్టి ఆ పేరు. మాంట్‌గోమరీలోనూ అంతే. సిల్వర్‌ స్ప్రింగ్‌లోని మాంట్‌గోమరీ బ్లెయిర్‌ హైస్కూల్లో 1985లో సైన్స్‌ మ్యాగ్నెట్‌ మొదలుపెట్టిన ఉద్దేశాల్లో ఇదొకటి.

మిడిల్‌ స్కూల్‌ స్థాయిలో గణితం, సైన్స్, కంప్యూటర్‌ సైన్స్‌కు టకోమా పార్క్, భాష, చరిత్ర, మీడియా వంటి వాటికి ఈస్టర్న్‌ బడులు పేరుపడ్డాయి. కౌంటీ ఉత్తర భాగంలో ఉన్నవారికి జర్మన్‌టౌన్‌లో రాబర్టో క్లెమెంటే, మార్టిన్‌ లూథర్‌ కింగ్‌ మిడిల్‌ స్కూళ్లలో ఇలాంటి కార్యక్రమాలే ఉన్నాయి. ఏ పిల్లవాడు ఎటు వెళ్లాలన్నది ఇంటి చిరునామాను బట్టి ఉంటుంది. ఇవి కాక ఆర్గైల్, లోయిడర్‌మన్, పార్క్‌ల్యాండ్‌ అనే మూడు బడుల కూటమి వేరుగా ఉంది. అక్కడ మార్కులతో ప్రవేశం కాదు, కుటుంబం ఇష్టాన్ని బట్టి ఎంచుకోవడమే. పేరులో మ్యాగ్నెట్‌ అని ఉన్నవన్నీ ఒకటే అనుకోవద్దు.

ర్యాంకు పోయి లాటరీ వచ్చింది

ఒకప్పుడు టకోమా పార్క్‌కో ఈస్టర్న్‌కో వెళ్లాలంటే తల్లిదండ్రులు దరఖాస్తు పెట్టాలి, పిల్లలు పరీక్ష రాయాలి. సంగతి తెలిసిన కుటుంబాల పిల్లలే వస్తున్నారని, తెలియని ఇళ్ల పిల్లలకు తలుపు తట్టే అవకాశమే లేదని విమర్శలు వచ్చాయి. 2016లో ఒక సలహా సంస్థ ఇచ్చిన నివేదిక కూడా మార్పులు సూచించింది. ఆ తర్వాత దరఖాస్తుతో పని లేకుండా ఐదో తరగతి పిల్లలందరినీ పరిశీలించే పద్ధతి తెచ్చారు. కొవిడ్‌ వచ్చి ప్రత్యేక పరీక్ష పెట్టడం కుదరక, 2021లో లాటరీ ప్రవేశించింది.

ఇప్పుడు పని జరిగే తీరు స్థూలంగా ఇది. బడిలో అందరూ రాసే మ్యాప్‌ పరీక్షలో 85వ పర్సంటైల్‌ లేదా అంతకంటే పైన ఉండాలి. తరగతి గ్రేడు, చదివే స్థాయి వంటివీ చూస్తారు. ఇవి సరిపోతే పిల్లవాడి పేరు లాటరీలో చేరుతుంది. పర్సంటైల్‌ను దేశం మొత్తంతో పోల్చి లెక్కగట్టరు. పేదరికం స్థాయిలో తమ బడిని పోలిన బడుల పిల్లలతో పోలుస్తారు. కాబట్టి ఆదాయం ఎక్కువ ఉన్న ప్రాంతంలోని పిల్లవాడికి కావాల్సిన స్కోరు ఎక్కువగా ఉంటుంది. ఈ అర్హత దాటిన వాళ్ల సంఖ్య సీట్ల కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. 99 వచ్చిన పిల్లవాడికి రాకపోవచ్చు, 86 వచ్చిన పిల్లకు రావచ్చు.

మనకు మింగుడుపడనిది సరిగ్గా ఇదే. ఎంసెట్‌ ర్యాంకుల మధ్య పెరిగిన తరం మనది. నూట ఇరవయ్యో ర్యాంకు వాడికి ఇచ్చి నూటో ర్యాంకు వాడికి ఇవ్వకపోవడమనేది మన లెక్కలో అన్యాయం. కొత్త నిబంధనలు ఆసియా మూలాలున్న పిల్లలకు నష్టం చేస్తున్నాయంటూ ఒక తల్లిదండ్రుల సంఘం 2020లో ఫెడరల్‌ కోర్టుకు కూడా వెళ్లింది. 2022లో కోర్టు ఆ కేసును కొట్టివేసింది. పొరుగున వర్జీనియాలో థామస్‌ జెఫర్సన్‌ హైస్కూల్‌ ప్రవేశాల మీద నడిచిన వ్యాజ్యం మరింత దూరం వెళ్లింది. 2023లో అప్పీలు కోర్టు స్కూల్‌ బోర్డు పక్షాన తీర్పు ఇచ్చింది. 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ కేసును విచారణకు తీసుకోలేదు. న్యాయమా అన్యాయమా అన్న వాదన ఎలా ఉన్నా, ఇప్పట్లో పాత పద్ధతి తిరిగొస్తుందని పిల్లల చదువు ప్రణాళిక వేసుకోవడం తెలివైన పని కాదు.

సర్వేల్‌తో పోలిక కుదరదు

మనలో చాలామంది ఈ చర్చలో తెలియకుండానే ఊరి అనుభవాన్ని వెంట తెచ్చుకుంటారు. 1971లో నల్గొండ జిల్లా సర్వేల్‌లో గురుకుల పాఠశాల మొదలైంది. ఆ తర్వాత కొడిగెనహళ్లి, తాడికొండ వచ్చాయి. 1980ల నడుమ నవోదయలు వచ్చాయి. ఆరో తరగతి నవోదయ పరీక్ష పాసైతే ఒక పల్లెటూరి పిల్లవాడి జీవితమే మారిపోయేది. పాస్‌ కాకపోతే లెక్కల మాస్టారు లేని ఊరిబడే గతి. ఆ రెండింటి మధ్య దూరం ఆకాశానికీ భూమికీ ఉన్నంత.

ఇక్కడ అంత దూరం లేదు. లాటరీలో పేరు రాని పిల్లల కోసం మాంట్‌గోమరీ కౌంటీ మామూలు మిడిల్‌ స్కూళ్లలో రెండు ఉన్నత స్థాయి కోర్సులు పెట్టింది. గణితంలో దాన్ని ఎయిమ్‌ అని, చరిత్ర, సామాజిక శాస్త్రంలో హై అని పిలుస్తారు. ఆరులో ఎయిమ్‌ చదివిన పిల్లలు ఏడో తరగతిలో ఆల్జీబ్రా-1కు చేరుకోగలరు. లాటరీ అర్హత ఉన్న పిల్లలకు తమ బడిలో ఈ కోర్సులు అందాలన్నదే వీటి ఉద్దేశం. మ్యాగ్నెట్‌లో ఉండేది ఇంతకంటే లోతైన చదువన్నది నిజమే. అక్కడ కంప్యూటర్‌ సైన్స్‌ చదువులో భాగం, ఒక సబ్జెక్టుతో ఇంకో సబ్జెక్టును కలిపే ప్రాజెక్టులుంటాయి, తనలాంటి ఆసక్తి ఉన్న పిల్లలు తరగతి నిండా ఉంటారు. చుట్టూ లెక్కల పిచ్చి ఉన్నవాళ్లెవరూ లేక ఒంటరిగా ఉండే పిల్లవాడికి ఆ చివరిది చిన్న విషయం కాదు.

మరో అపోహ కూడా ఉంది. మిడిల్‌ స్కూల్‌ మ్యాగ్నెట్‌లో చేరితే బ్లెయిర్‌ మ్యాగ్నెట్‌ ఖాయం అనుకుంటారు. కాదు. ఎనిమిదో తరగతిలో హైస్కూల్‌ కార్యక్రమాలకు మళ్లీ అందరితో పాటు పోటీ పడాల్సిందే. వీధి బడి పిల్లలకూ అదే తలుపు తెరిచి ఉంటుంది.

పరిశోధన ఏమంటోంది?

బోస్టన్, న్యూయార్క్‌ నగరాల్లో పరీక్ష పెట్టి చేర్చుకునే పేరున్న బడుల మీద ఆర్థికవేత్తలు అబ్దుల్‌కాదిరోగ్లు, ఆంగ్రిస్ట్, పాఠక్‌ 2014లో ఒక అధ్యయనం ప్రచురించారు. బోస్టన్‌లో ఆ బడుల్లో ప్రవేశం ఏడో తరగతి నుంచే ఉంటుంది. కటాఫ్‌కు కొద్దిగా పైన ఉండి సీటు దక్కినవాళ్లనూ, కొద్దిగా కింద ఉండి దక్కనివాళ్లనూ పోల్చారు. తర్వాతి పరీక్షల స్కోర్లలో చెప్పుకోదగ్గ తేడా పెద్దగా కనిపించలేదు. కటాఫ్‌ అంచున ఉన్న పిల్లల గురించే ఈ మాట, అందరికీ వర్తించదు. అయినా, ఆ బడి పేరే పిల్లవాడిని మార్చేస్తుందన్న నమ్మకానికి అది కళ్లెం వేస్తుంది.

ఇంకో కోణం మనస్తత్వ శాస్త్రవేత్త హెర్బర్ట్‌ మార్ష్‌ 1980లలో చెప్పింది. ఒకే సామర్థ్యం ఉన్న ఇద్దరిలో, అందరూ మెరికలే ఉన్న బడిలో చేరిన పిల్లవాడికి తన మీద తనకున్న నమ్మకం తగ్గే అవకాశం ఎక్కువ. అప్పటిదాకా తరగతిలో మొదటివాడు హఠాత్తుగా మధ్యలో పడతాడు. కొందరు దాన్ని పట్టుదలగా మార్చుకుంటారు. కొందరు ‘నాకు లెక్కలు రావు’ అన్న నిర్ణయానికి వచ్చేస్తారు. మన పిల్ల ఏ రకమో అమ్మానాన్నల కంటే బాగా ఎవరికి తెలుస్తుంది?

నిద్ర సంగతి ఎవరూ పట్టించుకోరు. 6 నుంచి 12 ఏళ్ల పిల్లలకు రోజుకు 9 నుంచి 12 గంటల నిద్ర కావాలని అమెరికా నిద్ర వైద్య నిపుణుల సంఘం చెబుతోంది. మిడిల్‌ స్కూళ్లు 8.30 కంటే ముందు మొదలుకాకూడదని పిల్లల వైద్యుల సంఘం 2014లోనే సూచించింది. దూరపు బస్సు ఎక్కడానికి చీకట్లోనే లేచి, సాయంత్రం చేరాక సంగీతం, కూచిపూడి, ఈత, హోంవర్క్‌ అన్నీ కానిచ్చి పడుకునే పిల్లకు ఆ గంటలు ఎక్కడినుంచి వస్తాయి?

వేరే కౌంటీల్లో లెక్క వేరు

నార్త్‌ కరోలినాలో క్యారీ, మోరిస్‌విల్‌లో ఉండే మనవాళ్లు చూసే వేక్‌ కౌంటీలో మ్యాగ్నెట్లు 1982 నుంచి ఉన్నాయి. అక్కడ తల్లిదండ్రులే దరఖాస్తు పెట్టుకోవాలి. తోబుట్టువు ఉన్నారా, మీ ప్రాంతం ఎలాంటిది వంటి ప్రాధాన్యాలను బట్టి సీటు వస్తుంది. ర్యాలీలోని లిగన్, కార్నేజ్, మార్టిన్‌ మిడిల్‌ స్కూళ్లు అలాంటివే. వర్జీనియా ఫెయిర్‌ఫాక్స్‌లో లాటరీ లేదు. పరీక్ష స్కోర్లు, ఉపాధ్యాయుల అభిప్రాయం, పిల్లల పని నమూనాలు చూసి కమిటీ నిర్ణయిస్తుంది. అందుకే వేరే రాష్ట్రంలోని స్నేహితులు చెప్పిన సలహా మీ కౌంటీకి పనికొస్తుందో లేదో ముందు చూసుకోండి.

నిర్ణయానికి ముందు ఇవి చూడండి

- మీ బడిలో ఉన్నత స్థాయి గణితం, చరిత్ర కోర్సులు నిజంగా నడుస్తున్నాయా? ఎన్ని సెక్షన్లు? కౌన్సిలర్‌ను నేరుగా అడగండి. మ్యాథ్‌కౌంట్స్, సైన్స్‌ ఒలింపియాడ్, బ్యాండ్‌ ఉన్నాయా?
- మ్యాగ్నెట్‌ బస్సు ఇంటి ముందుకు వస్తుందా, వేరే చోట ఎక్కాలా? అక్కడికి ఎవరు తీసుకెళ్తారు? ఒక మామూలు పనిరోజు ఉదయం ఆ దారిలో ఒకసారి వెళ్లి చూడండి.
- సాయంత్రం క్లబ్బుల తర్వాత బస్సు ఉందా? లేకపోతే అమ్మానాన్నల్లో ఒకరి ఉద్యోగం మీద ఆ భారం పడుతుంది.
- చేరాక కుదరకపోతే తిరిగి మన బడికి రావచ్చా? ఏ సమయంలో?
- పిల్లవాడు ఏమంటున్నాడు? ఓపెన్‌ హౌస్‌కు వెంట తీసుకెళ్లండి. ఆ సబ్జెక్టు మీద ఇష్టంతో వెళ్లాలంటున్నాడా, మనల్ని సంతోషపెట్టడానికి అంటున్నాడా గమనించండి.

లాటరీ ఫలితం వచ్చిన రోజు మనం అనే మాట కూడా జాగ్రత్తగా ఉండాలి. పదేళ్ల పిల్లకు ‘సీటు పోయింది’ అని చెబితే తను ఓడిపోయానని అనుకుంటుంది. నిజానికి అక్కడ పోటీ లేదు, చీటీ తీశారంతే. పక్కింటి వాళ్ల అబ్బాయికి వచ్చిందన్న పోలిక ఆ ఇంట్లో మొలకెత్తితే ఏళ్ల తరబడి ఉంటుంది. సీటు వచ్చినవాళ్లూ తమ పిల్లవాడికి అదే నిజం చెప్పడం మంచిది. నువ్వు అర్హుడివి, దానితో పాటు అదృష్టం కూడా కలిసొచ్చింది అని.

సీటు రాని ఇళ్లలో చేయాల్సిన మొదటి పని, వెయిట్‌ పూల్‌ సంగతి కనుక్కుంటూనే, ఆరో తరగతి కోర్సుల నమోదు గడువు దాటకముందే ఉన్నత స్థాయి గణితంలో పిల్ల పేరు ఉందో లేదో చూసుకోవడం. లాటరీ మన చేతిలో లేదు. ఈ ఫారం మాత్రం మన చేతిలోనే ఉంది.