అడ్రసుకీ ఇంటిపేరుంది

పిల్లలూ, వికీపీడియా అడ్రసులో మొదటి చుక్కకు ముందు ఏముందో చూడండి. 'ఈఎన్' ఉంటే ఇంగ్లీషు, 'టీఈ' ఉంటే తెలుగు. ఆ ముక్కే సబ్‌డొమైన్. వికీపీడియా అనేది ఇంటిపేరు. మన ఊళ్లలో ఇంటిపేరు ముందు రాస్తాం కానీ, ఇక్కడ మీ స్కూల్లో లాగా తర్వాత వస్తుంది.

మీరూ ఇలా రెండు అడ్రసులతో ఒక పదాల ఆట తయారుచేశారనుకోండి. ప్రోగ్రాము ఒక్కటి చాలు. తెరుచుకోగానే అది మొదటి ముక్క చదివి, ఏ భాష చూపించాలో తేల్చుకుంటుంది. అయితే మధ్యలో ఈఎన్ నుంచి టీఈకి మారితే, బ్రౌజరుకి అది వేరే సైటే! పేజీ అంతా మళ్లీ తెస్తుంది. లోకల్ స్టోరేజీలో దాచిన మార్కులు కనిపించవు. పోయాయని కంగారు పడొద్దు. అక్క సంచిలో పెట్టినవి తమ్ముడి సంచిలో దొరుకుతాయా? ఈఎన్‌కి తిరిగి వెళ్లండి, అక్కడే ఉంటాయి. రెండు చోట్లా కావాలంటే మార్కుల్ని సర్వర్లో దాచొచ్చు.