లవ్‌బర్డ్స్: ఈకలు రాల్చే, గుడ్లు పెట్టే దశల్లో పోషణ

సంగారెడ్డి జిల్లాలోని జహీరాబాద్ ప్రాంతం చిరుధాన్యాల సాగుకు ప్రసిద్ధి. ఇక్కడ పండే కొర్రలు, సజ్జలు లవ్‌బర్డ్స్‌కు ఇష్టమైన మేత. ఇవి శక్తినిస్తాయి. అయితే ఈకలు రాల్చేటప్పుడు, గుడ్లు పెట్టేటప్పుడు గింజలు మాత్రమే మేపితే పోషణ చాలదు.

ఈకలో అధిక భాగం కెరాటిన్ అనే మాంసకృత్తే. అందువల్ల కొత్త ఈకలు వచ్చే కాలంలో మొలకెత్తిన పెసలు, కొద్దిగా ఉడికించిన కోడిగుడ్డు ఇవ్వాలి. స్నానానికి వెడల్పాటి పాత్రలో నీరు ఉంచాలి.

గుడ్డు పెంకులో సుమారు 95 శాతం కాల్షియం కార్బొనేటు. 100 గ్రాముల కొర్రల్లో కాల్షియం సుమారు 30 మి.గ్రా. మాత్రమే, రాగుల్లో 300 మి.గ్రా.కు పైగా ఉంటుంది. కావున మేతలో రాగులు, మునగాకు చేర్చి, పంజరానికి సముద్రపు నురుగు ముక్కను కట్టాలి. కిటికీ అద్దం గుండా వచ్చే ఎండ విటమిన్-డి తయారీకి తోడ్పడదు. ఉదయపు ఎండ నేరుగా తగలనివ్వాలి, పక్కనే నీడ ఉండాలి.

కాల్షియం లోపిస్తే గుడ్డు లోపలే అడ్డుపడి పక్షి మరణించవచ్చు. ఆడపక్షి ఈకలు ఉబ్బించుకొని పంజరం అడుగున కూర్చొని ముక్కుతుంటే వెంటనే పశువైద్యునికి చూపించాలి. ఏడాదికి రెండు విడతలకు మించి గుడ్లు పెట్టనీయరాదు. ఈకలు రాలే కాలంలో గూడుపెట్టె అమర్చరాదు.