వేపపూత కన్నా ముందు బెల్లం ముక్క!

డెంకణికోట: ఉగాది పొద్దున పచ్చడి గిన్నె చూడగానే నాలుగేళ్ల బిడ్డ నోరు గట్టిగా మూసుకుంటాడు. అవ్వ బతిమాలుతుంది, అమ్మ గదమాయిస్తుంది, నాయన చేతులు పట్టుకుంటాడు. ఎట్లో ఒక చెంచా నోట్లో పోసేసి పండగ అయిపోయిందనుకుంటాం. ఆ బిడ్డకు మాత్రం ఉగాది అంటే మందు మింగే దినం! మరుసటేడు వాడిని మంచం కింద వెతుక్కోవాల్సిందే.

సరిహద్దులో ఉన్న మనకు ఇది నవ్వి వదిలేసే సంగతి కాదు. హోసూరు, డెంకణికోట, తళి, కెలమంగలం చుట్టుపట్ల ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం, బడిలో తమిళం. సేలం జిల్లాలో ఉన్నవాళ్లం 1965లో ధర్మపురికి, 2004లో కృష్ణగిరికి మారాం. 2006 చట్టంతో బడుల్లో తమిళం తప్పనిసరైంది. ఆ ఏడు ఒకటో తరగతితో మొదలై 2016 నాటికి పదో తరగతికి చేరింది. తమిళం నేర్వాల్సిందే, ఇక్కడ బతికేవాళ్లకు అది కావాల. కానీ ఇంట్లో గలగలా తెలుగు మాట్లాడే బిడ్డ, అదే మాట రాసి చూపిస్తే బిక్కమొగం వేస్తున్నాడు. ఆ లోటులో కొంతైనా పండగ తీర్చగలదు, బిడ్డకు పండగ నచ్చితే.

నచ్చాలంటే పచ్చడి వాడి చేతనే చేయించండి. ముందునాడే వేపచెట్టు కింద పాత పంచె పరచి, కొమ్మ కదిపి పూత రాల్చే పని బిడ్డలకు అప్పగించండి. పుల్లలు ఏరి, రెక్కలు చెరగడం వాళ్లకు ఆటే. చింతపండు పిసికేది ఒకరు, బెల్లం దంచేది ఒకరు. దంచేవాడు సగం నోట్లో వేసుకుంటాడు, వేసుకోనీండి. మామిడికాయ ముక్కలు, ఉప్పు, కారం పెద్దలు చూసుకోవచ్చు. పసివాళ్ల గిన్నెలో కారం లేకున్నా పండగకు లోటు రాదు. పూత రెండు రేకులు చాలు, అదీ బెల్లం ముక్క చప్పరించాకే. తాను ఏరిన పూత ఎట్లుందో చూడాలని బిడ్డే నాలుక చాపుతాడు. వేపనూనె మాత్రం పసిబిడ్డల నోట పెట్టకూడదు, అది విషం.

తోరణం కట్టేటప్పుడు ఆకులు లెక్కపెట్టించండి. ముగ్గు పక్కన ఏడాది పేరు పెద్ద అక్షరాలతో రాయించండి. మన సంవత్సరాలు ప్రభవ నుంచి అక్షయ దాకా అరవై. ‘నేను ఏ ఏట పుట్టాను?’ అని బిడ్డ అడక్కుండా ఉండడు. 2020 ఉగాది తర్వాత పుడితే శార్వరి, 2021 ఉగాది తర్వాతైతే ప్లవ, ఆపైన శుభకృత్, శోభకృత్, క్రోధి. 2025 ఉగాదికి విశ్వావసు, 2026 ఉగాదికి పరాభవ వచ్చాయి. తన ఏడాది పేరు తానే రాసుకున్న బిడ్డ దాన్ని మరవడు. పలకడానికి నోరు తిరక్కపోయినా ఊరంతా చెప్పుకుని తిరుగుతాడు.

పక్కింటి తమిళ బిడ్డకూ ఇవే అరవై పేర్లని చెప్పండి. వాళ్ల ఏడాది చిత్తిరై నెల తొలినాడు, ఏప్రిల్ నడుమ మొదలవుతుంది. ఆ రోజు వాళ్ల ఇళ్లలోనూ మామిడికాయ, వేపపూత ఉంటాయి. కన్నడ ఇళ్లలో ‘బేవు బెల్ల’ మన ఉగాది రోజే. గిన్నెలు అటూఇటూ మారితే బిడ్డలకు ఒక పండగకు రెండు పండగలు! తమిళనాడు ప్రభుత్వ సెలవుల పట్టికలో ‘తెలుగు సంవత్సరాది’ కూడా ఉంది. ఆ రోజు సెలవు ఎందుకో బడి సావాసగాళ్లకు మన బిడ్డే చెప్పగలగాలి.

సాయంత్రం గుడిలో పంచాంగం వినడానికి తీసుకుపోతే బిడ్డలు పది నిమిషాలకు మించి కూర్చోరు. కూర్చోబెట్టకండి. ఆదాయం, వ్యయం మనకు, ప్రసాదం వాళ్లకు. డెంకణికోటలో బేటరాయస్వామి గుడి ఉండనే ఉంది. ‘బేట’ అంటే వేట, వేటగాడైన స్వామి కథ చెబితే ఏ బిడ్డ వద్దంటాడు?

మర్నాటి సంగతి మాత్రం ఎవరూ నేర్పనక్కర్లేదు. కన్నడంలో ‘హొసతొడకు’ అంటారు, ఆ రోజు వీధి వీధంతా మసాలా వాసనే. కూర తినే ఇళ్ల బిడ్డలు ఉగాది నాడు పొద్దుననే అడగడం మొదలుపెడతారు, ‘అవ్వా, రేపెప్పుడొస్తుంది?’ అని.